నీటిరంగుల్లో వలస రైతు పొలం: ఎంతవరకు నమ్మొచ్చు?

అమ్మాయి వాళ్లను చూడ్డానికి అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్ వచ్చినప్పుడు ఒక చిన్న మ్యూజియంలో పాత నీటిరంగుల బొమ్మ చూశానని రాశారు. తెల్ల ఇల్లు, వెనక పశువుల కొట్టం, స్కేలు పెట్టి గీసినట్టు కంచెలు, పక్కకు తిరిగి నిలబడ్డ ఆవులు, అడుగున పొందికైన అక్షరాల్లో ఆసామి పేరు, ఊరు, సంవత్సరం. మొదటి తరం వలస రైతుల బతుకు నిజంగా ఇంత శుభ్రంగా ఉండేదా, గీసినవాడికి దూరం దగ్గర తేడా తెలియదా, డబ్బులిచ్చి తమ బొమ్మ కాకుండా పొలం బొమ్మ ఎందుకు వేయించుకున్నారు, ఇలాంటిది పాత సామాన్ల అమ్మకంలో దొరికితే కొనొచ్చా, ఇవీ మీ సందేహాలు.

నేను ఇరవై రెండేళ్లుగా కాగితం మీది బొమ్మలకు మరమ్మతు చేసే పనిలో ఉన్నాను. ఎక్కువ కాలం ఈ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనే. ఈ రకం పొలం బొమ్మలు బల్ల మీద పెట్టుకుని భూతద్దంతో చూసినవి పాతిక దాకా ఉంటాయి. అనుభవంతో చెప్పేదేమిటంటే, వాటిని బతుకు బొమ్మలుగా చూస్తే మోసపోతాం. పదీ ఇరవయ్యేళ్లు ఒళ్లు హూనం చేసుకున్నాక ఒక రైతు "ఇదిగో, ఇదంతా నాది" అని రాయించుకున్న ఆస్తి పట్టిక అది. పట్టికగా చదివితే మాత్రం చాలా చెబుతుంది.

మీరు చెప్పిన పోలికలను బట్టి మీరు చూసింది పాల్ సైఫర్ట్ బొమ్మ కావచ్చు, లేదా ఆ కోవలోది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1840లో పుట్టాడు. 1867లో విస్కాన్సిన్ వచ్చి, విస్కాన్సిన్ నది ఒడ్డున రిచ్‌లాండ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) గోథమ్ దగ్గర స్థిరపడ్డాడు. మాడిసన్ నుంచి పడమరగా కారులో గంట ప్రయాణం. ఈసారి వచ్చినప్పుడు వెళ్లి చూడండి, ఊరు చిన్నదే గానీ దారి బాగుంటుంది. బొమ్మలు అతనికి పూర్తి జీవనాధారం కాదు. పూలు, పళ్లు, కూరగాయలు పండించి అమ్మేవాడు, పెద్దవయసులో చచ్చిన జంతువులకు గడ్డి కూరి నిలబెట్టే దుకాణం కూడా నడిపాడు. మధ్యలో రంగులు, కాగితాలు పట్టుకుని చుట్టుపక్కల కౌంటీల్లో పొలం పొలానికీ నడిచి వెళ్లేవాడు. బొమ్మకు రెండున్నర డాలర్లకు మించి పుచ్చుకునేవాడు కాదని చెబుతారు. అప్పట్లో పొలంలో కూలీకి రోజుకు డాలరు అటూ ఇటూ పలికేది. అంటే రెండు మూడు రోజుల కూలి. మరీ చవకా కాదు, అందనంతా కాదు. 1921లో పోయాడు. న్యూయార్క్‌లోని అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియంలో ప్లెయిన్ అనే ఊరి లెమ్యుయెల్ కూపర్ ఇంటి బొమ్మ ఉంది, 1879 నాటిది. అదే రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే ఊరి మ్యూజియంలో డాడ్జ్‌విల్ దగ్గరి ఇ.ఆర్. జోన్స్ ఇంటి బొమ్మ ఉంది, 1881 నాటిది. రెండూ ఆసామి పేరుతోనే పిలవబడతాయి, "ఫలానావారి నివాసం" అని. గీసినవాడి పేరు తర్వాతి సంగతి.

ఇప్పుడు దూరం దగ్గర గొడవ. ఇంటిని చూడండి, ముందు గోడా కనబడుతుంది, పక్క గోడా కనబడుతుంది. కొట్టమూ అంతే. వెనక పొలం మాత్రం కొండ మీంచి చూసినట్టు పైకి లేచి ఉంటుంది. చేతకాక అలా వచ్చిందనుకోవద్దు. నేలమీద నిలబడి చూస్తే ముందున్న ఇల్లు వెనకున్న కొట్టాన్ని, కొట్టం గడ్డివాముల్ని కప్పేస్తాయి. డబ్బులిచ్చిన రైతు తన గడ్డివామి కనబడకపోతే ఊరుకుంటాడా? అందుకే కన్ను పైకి పోతుంది, ఒక్కో వస్తువునూ విడదీసి పెడుతుంది. ఆ రోజుల్లో ఊళ్లను పక్షి కంటితో చూసినట్టు గీసి అచ్చు వేసే వ్యాపారం జోరుగా సాగేది. మాడిసన్‌లోనే జె.జె. స్టోనర్ అనే ప్రచురణకర్త 1870లు, 80లలో ఎన్నో ఊళ్ల బొమ్మలు అలా వేసి అమ్మాడు. అవి గోడలకు వేలాడుతుండగా చూసినవాళ్లే ఈ రైతులు. పైనుంచి చూడటం వాళ్లకు వింత కాదు.

ఒకసారి ఒక పొలం బొమ్మను పక్క నుంచి వాలుగా పడే దీపం కింద పెట్టి చూశాను. మామూలు వెలుగులో కనబడని గుంటలు, గీతలు ఆ వెలుగులో తేలతాయి. కంచెల కింద పెన్సిల్ గీతలు తిన్నగా, స్కేలు ఆనించి గీసినవి. ఇంటి కిటికీల కింద కూడా అంతే. ఆవుల కింద మాత్రం ఒక్క గీత లేదు, నేరుగా కుంచెతో వేసేశాడు. ఒకే ఆవు ఆకారం కాస్త రంగు మార్చుకుని పచ్చికంతా తిరిగింది. అప్పుడు అర్థమైంది, ఇతను భవనాలకు కొలత కట్టాడు గానీ ఆవులకు కట్టలేదు. ఏది ఎంతవరకు నమ్మాలో అక్కడే తెలిసిపోతుంది. కట్టడాల సంఖ్య, కిటికీల సంఖ్య, ఏది దేనికి ఏ వైపున ఉందన్నది చాలావరకు నిజం. కుటుంబం వాళ్లు పక్కన నిలబడి చూస్తుంటే తప్పు గీయడం కష్టం కదా. పశువుల సంఖ్య, చెట్ల నిండుదనం, పచ్చిక పచ్చదనం దగ్గర కాస్త ఉదారంగా ఉంటాడు.

దీన్ని సరిచూసుకునే మార్గం కూడా ఉంది, చాలామందికి తెలియదు. అమెరికా జనాభా లెక్కలతో పాటు 1850 నుంచి 1880 దాకా వ్యవసాయ లెక్కలు కూడా రైతు పేరుపేరునా రాశారు. సాగు భూమి ఎంత, చెలక ఎంత, పాడావులెన్ని, గొర్రెలెన్ని, ఏడాదిలో ఎన్ని పౌండ్ల వెన్న తీశారు, ఎన్ని బుషెళ్ల గోధుమ పండింది, అన్నీ. మన అడంగల్‌ను ఇంకా వివరంగా రాసినట్టుంటుంది. బొమ్మ కింద పేరు, ఊరు, సంవత్సరం ఉంటాయి కాబట్టి ఆ పుట వెతికి పట్టుకోవచ్చు. నేనోసారి ఒక బొమ్మకు అలా సరిచూశాను. బొమ్మలో ఆవులు ఎనిమిది, లెక్కల్లో ఐదు. గుర్రాలు మాత్రం సరిగ్గా సరిపోయాయి. గుర్రం ఖరీదైన సొత్తు, ఇరుగుపొరుగుకు దాని పేరుతో సహా తెలుసు, అక్కడ కోతలు చెల్లవు. లేదంటే ఆ మిగతా మూడు ఆవులు లెక్క రాశాక కొన్నవేమో, రైతుకు ఆ సందేహలాభం ఇద్దాం.

నాకు ఈ బొమ్మల్లో అన్నిటికన్నా ఇష్టమైనవి కంచెలు. ముందు వాకిలికి చెక్కుడు చెక్కల కంచె, తెల్లరంగు. ఇంటి చుట్టూ అడ్డపలకల కంచె. వెనక పొలాలకు వంకరటింకరగా, పాములా మెలికలు తిరిగే కంచె. ఈ మూడోదానికి గుంజలక్కర్లేదు, మేకులక్కర్లేదు. ఓక్ దుంగల్ని నిలువునా చీల్చి, కొసలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవడమే. కలప ఊరికే దొరికే చోట, డబ్బు దొరకని చోట వేసే కంచె అది. మెలికల్లో బోలెడు నేల వృథా అవుతుంది, అయినా కొత్తగా వచ్చినవాడి దగ్గర ఉన్నవి గొడ్డలి, చేతులే. పలకల కంచెకు కోతమిల్లు కావాలి, మేకులు కావాలి, అంటే రొక్కం కావాలి. తెల్లరంగు వేశాడంటే ఏడాదేడాదీ వేయగలడన్నమాట. వెనక నుంచి ముందుకు నడిచి రండి, ఒక కుటుంబం ఇరవయ్యేళ్లలో ఎంత దూరం వచ్చిందో కంచెలే చెబుతాయి. ముళ్లతీగ ఉంటే ఇంకో సంగతి తేలుతుంది. ఇల్లినాయ్‌లో గ్లిడ్డెన్ అనే అతను దానికి పేటెంట్ తీసుకుంది 1874లో. ముళ్లతీగ కనబడే బొమ్మకు అంతకన్నా పాత తేదీ చెప్పి ఎవరైనా అమ్మజూపితే నవ్వి బయటికి వచ్చేయండి.

కంచెలు అంత తిన్నగా ఎందుకున్నాయంటే గీతకారుడి చాదస్తం కొంత, ప్రభుత్వ సర్వే కొంత. రైతులు రాకముందే భూమిని చదరాలుగా కొలిచి పెట్టారు. చదరపు మైలుకు 640 ఎకరాలు, అందులో పావు 160, మళ్లీ అందులో పావు 40. అమ్మకం, కొనుగోలు, పంపకం అన్నీ ఈ చెక్కల్లోనే. అయితే సైఫర్ట్ తిరిగిన నేల మంచుయుగపు మంచుపలకలు చదును చేయకుండా వదిలేసిన కొండల ప్రాంతం. అందుకని గీత తిన్నగా వచ్చి వచ్చి ఒకచోట చటుక్కున వంగిందంటే అక్కడ వాగో గుట్టో ఉన్నట్టే.

ఇక బొమ్మలో ఏం పండుతోందో చూడండి. 1860 ప్రాంతంలో విస్కాన్సిన్ అంటే గోధుమ. దేశంలో ముందు వరుసలో ఉండేది. పెట్టుబడి తక్కువ, చేతికి రొక్కం, కొత్తగా వచ్చినవాడికి అంతకన్నా ఏం కావాలి? ఏటేటా అదే పంట వేసేసరికి నేల సారం పోయింది, పైగా చించ్ బగ్ అనే పురుగు పడింది. పడమట కొత్త నేలల్లో గోధుమ ఇంకా చవగ్గా పండటం మొదలైంది. ఇక్కడివాళ్లు పాడి వైపు తిరిగారు. 1872లో రాష్ట్ర పాడి రైతుల సంఘం పెట్టారు, విలియం హోర్డ్ అనే పత్రికాయన ఊరూరా తిరిగి ఆవును నమ్ముకోండని నూరిపోశాడు. విశ్వవిద్యాలయంలో బాబ్‌కాక్ పాలల్లో వెన్నశాతం తేల్చే పరీక్ష కనిపెట్టింది 1890లో. సైఫర్ట్ బొమ్మలు సరిగ్గా ఈ మలుపులో వేసినవి. అందుకే ఒకే కాగితం మీద గోధుమ చేను, కొత్తగా కట్టిన పెద్ద కొట్టం రెండూ కనబడతాయి. పచ్చగడ్డి పాతర వేసే పొడవాటి సైలో గోపురాలు మాత్రం కనబడవు, అవి ఆ తర్వాత వచ్చాయి. ఇప్పుడు మీరు రోడ్డు పక్కన చూసే విస్కాన్సిన్ దృశ్యమంతా ఆ గోపురాలతోనే నిండి ఉంటుంది కదా, బొమ్మలో ఏదో వెలితిగా అనిపించడానికి అదో కారణం.

వలస వచ్చిన కొత్తల్లో బతుకు ఎక్కడుంది మరి? ఒక మూల వెతకండి. తెల్లరంగు వేసిన పలకల ఇంటి వెనకో, కొట్టం పక్కనో, చిన్న దుంగల కట్టడం ఒకటి ఉందేమో చూడండి. అది మొదట కట్టుకున్న ఇల్లు. దూలాల సందుల్లో మట్టి మెత్తి, ఒకటే గది, పైన అటక. పిల్లలు అటక మీద పడుకునేవాళ్లు. పెద్ద ఇల్లు లేచాక అది కోళ్లగూడో, పనిముట్ల కొట్టో అవుతుంది. కొందరు రైతులు దాన్ని బొమ్మలో ఉంచమన్నారు, కొందరు తీయించేశారు. ఉంచమన్నవాళ్లంటే నాకు తెలియకుండానే అభిమానం. బొమ్మలో మొద్దులు కూడా ఉండవు. అడవి కొట్టి దున్నిన చేలో చెట్ల మొదళ్లు ఏళ్ల తరబడి నిలిచే ఉంటాయి, నాగలి వాటి చుట్టూ తిరగాల్సిందే. బొమ్మలో నేల అరచేయిలా ఉంటుంది.

ఆడవాళ్ల పని కూడా సగం మాయం. పాలు పితకడం, కవ్వం తిప్పడం, వెన్న తీసి ఊళ్లో దుకాణానికి వేసి సరుకులు తెచ్చుకోవడం, కోళ్లు, పెరటి కూరగాయలు వాళ్లవే. గోధుమ దెబ్బతిన్న ఏళ్లలో ఇంటిని నిలబెట్టింది ఆ వెన్న డబ్బే అని పాత జమాఖర్చుల పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. బొమ్మలో ఆవిడ గేటు దగ్గర మంచి గౌను వేసుకుని నిలబడి ఉంటుంది, లేదా అసలు ఉండదు.

ఇంకో పెద్ద లోపం ఉంది. ఈ నేల హోచంక్ అనే ఆదివాసీ ప్రజలది. 1829 నుంచి 1837 మధ్య ఒప్పందాల పేరుతో వాళ్ల దగ్గర్నుంచి లాక్కున్నారు. 1832లో, సాక్ తెగ నాయకుడు బ్లాక్ హాక్ పేరు మీద పిలిచే యుద్ధంలో ఒక పోరు సాక్ సిటీ దగ్గర, ఇదే నది ఒడ్డున జరిగింది. సైఫర్ట్ వచ్చేనాటికి ఆ పోరు జరిగి 35 ఏళ్లే. ఎన్నిసార్లు వెళ్లగొట్టినా హోచంక్‌లు తిరిగి వచ్చి ఈ ప్రాంతంలోనే ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. రైతు ఆస్తి పట్టికలో వాళ్లకు చోటెలా ఉంటుంది? ఉండదు. చూసేవాళ్లం మనం గుర్తుపెట్టుకోవాలి.

ఇది ఒక్క సైఫర్ట్ సంగతే కాదు. టెక్సాస్‌లో లూయీ హోప్ అని మరో జర్మన్ దేశదిమ్మరి, పొలాల్లో కూలిపనీ చేస్తూ బొమ్మలూ వేసినవాడు. కొద్ది చిత్రాలు తప్ప అతని గురించి మిగిలింది దాదాపు ఏమీ లేదు. వాటిలో ఒకటి ఫేయెట్ కౌంటీలో యూలియుస్ మేయెన్‌బర్గ్ పొలం, 1864 ప్రాంతానిది. ఆ సంవత్సరం చూడండి. అమెరికా అంతర్యుద్ధం మధ్యలో ఉంది. ఆ కౌంటీ దక్షిణాది రాష్ట్రాల చీలికకు వ్యతిరేకంగా ఓటేసింది. 1862లో నూయెసెస్ నది దగ్గర, ఉత్తరాది యూనియన్ పక్షాన ఉన్న జర్మన్ వలసదారుల్ని, విడిపోయిన దక్షిణాది వాళ్ల కాన్ఫెడరేట్ సైనికులు చంపారు. బొమ్మలో మాత్రం ఇల్లు, కంచె, ఇంటిల్లిపాదీ, ప్రశాంతంగా. అబద్ధం అనలేను. టెన్షన్‌తో చచ్చిపోతున్నవాడు కూడా ఫోటో దిగేటప్పుడు నవ్వుతాడు.

పొలం బొమ్మే ఎందుకన్నారు. మా చిన్నప్పుడు ఊళ్లో ఎవరైనా ట్రాక్టర్ కొంటే పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, తర్వాత టౌను నుంచి ఫోటోగ్రాఫర్‌ను పిలిపించి ఇంటిల్లిపాదీ దాని ముందు నిలబడేవాళ్లు. మనుషులు ఫోటోలో చిన్నగా ఉన్నా పర్లేదు, ట్రాక్టర్ పూర్తిగా రావాలి. ఇక్కడా అదే. మనిషి ముఖానికి అప్పటికే ఫోటో స్టూడియోలున్నాయి. ఆ 1870లలోనే మాడిసన్ చుట్టుపక్కల ఆండ్రియాస్ దాల్ అనే నార్వే వలసదారు గుర్రబ్బండిలో కెమెరా వేసుకుని తిరిగాడు. ఇంటి ముందు కుటుంబాన్ని కూర్చోబెట్టి, లోపలి బల్లలు, కుట్టుమిషన్, గుర్రబ్బండి అన్నీ బయట పెట్టించి ఫోటోలు తీశాడు. అవి విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో కూడా చూడొచ్చు. వాటిని ఈ రంగుల బొమ్మల పక్కన పెట్టి చూడమని నేను అందరికీ చెబుతాను. కెమెరాకు రంగు లేదు, కొండ ఎక్కి చూసే కన్నూ లేదు. కానీ వాకిట్లో బురద, విరిగిన మెట్టు దాయదు. ఇళ్లు నిజంగా చూడాలనుంటే ఈగిల్ అనే ఊరి దగ్గర ఓల్డ్ వరల్డ్ విస్కాన్సిన్ ఉంది, 1976లో తెరిచారు. జర్మన్, నార్వే వాళ్ల అసలు ఇళ్లు, కొట్టాలు విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. దుంగల ఇంట్లో ఐదు నిమిషాలు నిలబడితే బొమ్మలో లేనిదేంటో ఇట్టే తెలుస్తుంది. మొదట తట్టేది చీకటి.

చివరగా కొనడం గురించి. సైఫర్ట్ పేరు చెప్పి అమ్మేవాటి జోలికి నిపుణుడు చూడకుండా వెళ్లొద్దు. పేరులేని పొలం బొమ్మ, ధర అందుబాటులో ఉంటే, కొనుక్కోండి, కానీ ముందు ఫ్రేము వెనక్కి తిప్పండి. పాత రోజుల్లో బొమ్మ వెనక పైన్ చెక్క పలకలు కొట్టేవాళ్లు. నూటపాతికేళ్లలో ఆ చెక్క ఆమ్లం కాగితంలోకి దిగి, చెక్క ఈనెలు, ముడి కణుపు కూడా గోధుమరంగులో అచ్చు పడతాయి. ఒక బొమ్మలో ఆకాశం మధ్య గుండ్రటి మరక చూసి చంద్రుడనుకున్నారు ఇంటివాళ్లు. వెనక పలక తీస్తే ఎదురుగా కణుపు. అలాంటి మరక నకిలీలకు తేలిగ్గా రాదు, అందుకని మరకను చూసి భయపడక్కర్లేదు.

సైఫర్ట్ రంగు కాగితం వాడి, దాన్ని అలాగే ఆకాశంగా వదిలేవాడు, అక్కడక్కడా మెరిసే లోహపు రంగు అద్దేవాడు. ఆ కాలంలో "బంగారు" రంగంటే చాలాసార్లు ఇత్తడి పొడి, కాలక్రమంలో నల్లబడుతుంది, పచ్చబడుతుంది. ఇప్పటికీ కొత్త గాజులా తళతళలాడుతుంటే అనుమానించండి. అంచున అట్ట కప్పిన చోట అర అంగుళం వెడల్పున అసలు రంగు దాక్కుని ఉంటుంది, అదీ చూడండి. నేనోసారి అట్ట తీసినప్పుడు మట్టిరంగు అనుకున్న కొట్టం ఆ అంచులో దానిమ్మ గింజల ఎరుపుగా బయటపడింది. ఎండ తగిలినంత మేర మొత్తం పోయింది, తిరిగి రాదు.

ఇంటికి తెచ్చాక కిటికీ ఎదురు గోడ వద్దు, పొయ్యి పైన అసలే వద్దు. మ్యూజియంలో ఆ గది మసకగా ఉందని విసుక్కున్నారు కదా, నీటిరంగులకు 50 లక్స్‌కు మించి వెలుగు పెట్టరు, అందుకే. మరకలు పోతాయేమోనని తడిగుడ్డ మాత్రం పెట్టకండి. మొదట పోయేది ఆవులే, వాటి కింద పెన్సిల్ గీత కూడా లేదు మరి.